నంబరు లేని చుక్క

జలుబు వెళ్ళిపోయింది గానీ దగ్గు మాత్రం నెల దాటినా వదల్లేదు. మిరియాలు, శొంఠి, తులసి అన్నీ అయ్యాక, కోడలి పోరు పడలేక మద్రాసు పురసవాక్కంలో ఒక ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కింద బట్టల కొట్టు, పైన క్లినిక్కు. ఆషాఢమాసం గదా, ఆడి తగ్గింపు ఆడి తగ్గింపు అని కింద మైకులో అరుస్తుంటే ఆ అరుపులు కూడా మనతోపాటే మెట్లెక్కి వచ్చి బెంచీ మీద కూర్చుంటాయి. లోపల నర్సు నా ముక్కుకు క్లిప్పు తగిలించి, నోట్లో గొట్టం పెట్టి, నిండా పీల్చి ఒక్క బిగిన ఊదమంది. బట్టలారేసే క్లిప్పులాంటిది ముక్కుకు పెట్టుకున్నాక అరవై ఒక్కేళ్ళ మనిషి గౌరవంగా కనిపించే మార్గం ఏదీ లేదు. రెండుసార్లు ఊదాను. రెండుసార్లూ మిషను ఒప్పుకోలేదు. "అట్ల గాదమ్మా," అంది నర్సు. "ఎదురుగా ఆ చార్టు ఉండాదే, దాంట్లో ముక్కులో చిన్న చుక్క కనిపిస్తా ఉండాదా? దాన్నే చూస్తా ఊదండి. చూపు తిరిగితే ఊపిరి తెగిపోతాది. ఇన్నుం, ఇన్నుం, ఇంకా ఇంకా అని నేను చెప్తానే ఉంటా, నిలపద్దండి."

చూశాను. పైనా కిందా కర్రలు బిగించిన పాత గుడ్డ చార్టు. రంగులు వెలిసి, అంచులు టీ మరక పడ్డట్టు పచ్చబడిపోయాయి. శ్వాసవ్యవస్థ. ఛాతీ మనకు ఎదురుగా ఉంది, తల మాత్రం మన ఎడమ చేతి వైపుకు తిరిగి, కంటి కింది నుంచి నడిమికి కోసి లోపలి దారి చూపిస్తున్నట్టుగా ఉంది. ముక్కు, గొంతు, శ్వాసనాళం, దాని కొమ్మలు, ఊపిరితిత్తులు, ప్రతిదానికీ ఒక గీత, గీత చివర ఒక నంబరు. ముక్కు కొసకు దగ్గరగా, లోపలి గోడ మీద, ఆవగింజంత బంగారురంగు చుక్క ఉంది. దానికి గీత లేదు, నంబరూ లేదు. నేను ఊదడం మరిచిపోయాను. మిషను కీచుమని అరిచింది. "ఏమైందమ్మా?" అని నర్సు కంగారుగా వంగింది. క్లిప్పు తీయకుండానే, "అది మా పెద్దమ్మ ముక్కు," అన్నాను. ఆమె నా మెడ మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది.

జ్వరమేమీ లేదు. మా పెదనాన్న ఒకప్పుడు సినిమా బ్యానర్లు గీసేవాడు. రెండంతస్తుల ఎత్తు మొహాలకు రంగులు వేసి వేసి నడుం పట్టేస్తే, ఆ నిచ్చెనలు దిగి వచ్చి, జార్జి టౌనులో బళ్ళకు చార్టులు అచ్చువేసి అమ్మే ఒక కొట్టుకు బొమ్మలు గీసివ్వడం మొదలుపెట్టాడు. చేతికి అలవాటైన విద్య ఎక్కడికి పోతుంది? మొదట్లో ఆయన గీసిన కాలేయం మీద వెన్నెల పడుతున్నట్టు మెరుపు ఉండేది. అస్థిపంజరం ఒక తుంటి పక్కకు వాల్చి, పాట మొదలవబోతున్నట్టు నిలబడేది. కొట్టాయన మాలాగే తరాల కిందట మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాడు, నోరు కొంచెం పెద్దది. "ఏందయ్యా ఇది, లివరా, హీరోయినా?" అని వీధి వినిపించేట్టు అడిగేవాడు. పెదనాన్న చదివింది ఎనిమిదో తరగతి. మూర్ మార్కెట్లో అట్ట ఊడిపోయిన ఒక డాక్టర్ల పుస్తకం కొనుక్కొచ్చి, దాన్ని ఏళ్ళ తరబడి చూసి చూసి, ఏ ఎముక ఏ ఎముకతో ఎట్లా కలుస్తుందో నేర్చుకున్నాడు. అది ఇంగ్లీషు పుస్తకం గదా, అర్థమవుతుందా అని ఎవరైనా అంటే, "బొమ్మకు ఇంగ్లీషేంది?" అనేవాడు.

పుస్తకంలో లోపలి భాగాలు ఉండేవి గానీ, వాటి పైన తొడగాల్సిన మనుషులు దొరలు. మన పిల్లలకు మన మనుషులే ఉండాలని ఆయన పట్టుదల. దాంతో కావలసిన మనిషిని ఇంట్లోనే వెతుక్కునేవాడు. జీర్ణవ్యవస్థలో ఉన్నది ఆయన బొజ్జే, అద్దం ముందు నిలబడి గీసుకున్నాడు. చెవి నిర్మాణం చార్టులో చెవి నాది. చెవులు కుట్టించిన కొత్తలో చీము పట్టి మానిన మచ్చతో సహా గీసి, తర్వాత గుర్తొచ్చి మచ్చ తుడిచేశాడు. ఆ కొట్టులో ఒక నియమం ఉండేది: చార్టు మీద నంబరు లేని గుర్తు ఏదీ ఉండకూడదు. పిల్లవాడు వేలు పెట్టి ఇదేమిటని అడిగితే అయ్యవారు కింద జాబితాలో చూసి చెప్పగలగాలి. మచ్చకు నంబరు ఎక్కడిది?

నేను పుట్టిన ఏడాదికే తమ్ముడు పుట్టాడు. నాన్న అంబత్తూరులో ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయేవాడు. అమ్మ ఒళ్ళో ఇద్దరికి చోటు చాలక నన్ను కింద వాటాలో ఉన్న పెద్దమ్మ ఒళ్ళోకి దించారు. ఆమెకు పిల్లలు లేరు. తర్వాత పైకి పొమ్మని ఎవరూ అనలేదు, నేనూ పోలేదు. పెద్దమ్మ బక్కపలచటి మనిషి, చామనచాయ, కుడి ముక్కుకు ఒంటిరాయి పుడక. ఆమెకు ఉబ్బసం. దీపావళి నాటి ఐప్పసి వానలు మొదలైతే చాలు, గడపలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలతో ఊపిరి లాగేది. దగ్గరికి పోతే పిల్లనగ్రోవిలో ఎవరో తప్పు ఊదుతున్నట్టు సన్నగా కూత వినిపించేది. "లోపలికి పోతాది పాపా, బయటికి రాదు," అనేది. నేను ఆమె వీపు నిమురుతూ, ఆ రానిదేదో నా చేతి కిందే ఉన్నట్టు, పైకి తోసేదాన్ని.

ఆ ముక్కుపుడకకు ఒక గొడవ ఉండేది. పాతకాలపు మర. జలుబు చేసినప్పుడల్లా బిగుసుకుపోయేది. అప్పుడు పెద్దమ్మ వెలుతురుకు మొహం ఎత్తి గుమ్మంలో కూర్చుంటే, పెదనాన్న ఎదురుగా గొంతుక్కూర్చుని, కుంచె పట్టే వేళ్ళతో లోపలి మరను తిప్పి, తీసి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ బిగించేవాడు. ఆ మర మామూలుగా అందరివీ తిరిగే వైపు తిరగదు. కంసాలి ఏం తిక్కమీద ఉన్నాడో గానీ దాన్ని తిరగేసి కోశాడు. మా అమ్మ ఒకసారి సాయం చెయ్యబోయి ఇంకా బిగించిపెట్టింది. అప్పట్నుంచి ఆ పని పెదనాన్నకు తప్ప ఎవరికీ ఇచ్చేది కాదు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు తాకగా నేను చూసింది ఆ పని మీదే.

శ్వాసవ్యవస్థ చార్టు ఒప్పుకున్నప్పుడు నాకు పదేళ్ళు. పుస్తకంలో ఊపిరితిత్తులు నలుపు తెలుపుల్లో ఉన్నాయి, ఈయనకు రంగు తెలియాలి. ఒక ఆదివారం పొద్దున మాంసం కొట్టు నుంచి మేక ఊపిరితిత్తులు, గొట్టంతో సహా, ఆకులో కట్టించుకుని తెచ్చాడు. పెద్దమ్మ కూరకనుకుని మసాలా నూరడానికి లేచింది. ఆయన దాన్ని పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టి, సైకిలు పంపు గొట్టాన్ని అందులో దూర్చి, దారంతో కట్టి గాలి కొట్టాడు. నలిగిన గుడ్డలా పడి ఉన్న ఆ ముద్ద మెల్లగా విచ్చుకుంది. లేత గులాబీ రంగు వచ్చింది. పంపు తీసేస్తే దానంతట అదే ఉస్సుమని అణిగిపోయింది. నేను చప్పట్లు కొట్టాను. ఈసారి గాలి నిండాక ఒక కొమ్మను రెండు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. మిగతాదంతా అణిగింది, ఆ ఒక్క మూల మాత్రం ఉబ్బి నిలబడిపోయింది. "చూడు పాపా, పీల్చేటప్పుడు ఛాతీ విప్పుకుంటాది, లోపలి గొట్టాలు గూడా రవంత విప్పుకుంటాయి. వదిలేటప్పుడు సన్నబడతాయి. ముందే బిగుసుకుని ఉంటే గాలి ఇట్ల ఆడనే నిలిచిపోతాది. మీ పెద్దమ్మకు అయ్యేది ఇదే," అన్నాడు. ఎప్పుడు వచ్చిందో, పెద్దమ్మ వెనక నిలబడి చూస్తోంది.

"నాయి గూడా ఇట్లనే ఉంటాయా?"

"ఇట్లనే ఉంటాయి."

"చచ్చినదానిది, ఎంత బాగా వదల్తా ఉండాదో చూడు," అంది పెద్దమ్మ. కోపం లేదు, నవ్వూ లేదు. పక్కింటివాళ్ళ కొత్త పాత్రను మెచ్చుకున్నట్టు అంది. తర్వాత వెంటనే మామూలు మనిషైపోయి, ఇద్దరినీ తల మీద నీళ్ళు పోసుకుంటే తప్ప లోపలికి రానివ్వనంది. ఆ ఆదివారం మా ఇంట్లో కూర వండలేదు.

బొమ్మకు తల కావలసి వచ్చింది. పెద్దమ్మ అంతకుముందు ఒక్క ఫోటో తీయించుకోలేదు. ఫోటో తీస్తే ఆయుసు తగ్గుతుందని ఆమె నమ్మకం. మా అమ్మ పెళ్ళి గ్రూపు ఫోటోలో కూడా సరిగ్గా సమయానికి వంగి ఎవరి పిల్లవాడి ముక్కో తుడిచింది, ఆమె కొప్పు మాత్రం పడింది. అటువంటి మనిషి చార్టుకు ఎట్లా ఒప్పుకుందో ఇప్పటికీ నాకు వింతే. "మొహం గాదు గదా, ముక్కు లోపలే గదా," అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మూడు మధ్యాహ్నాలు కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆయన కదలద్దంటే, "లోపల గీసేదానికి పైన కదిలితే నీకేమయ్యా?" అనేది. నేను నేల మీద పడుకుని పక్క కాగితం మీద నా ఊపిరితిత్తులు గీసుకునేదాన్ని. రెండు పక్కలా సమానంగా గీస్తే పెదనాన్న దిద్దాడు. కుడి పక్క మూడు అరలు, ఎడమ పక్క రెండే, గుండె కూర్చోవాలి గనక ఎడమది జరిగి చోటిచ్చిందట. "మన ఇంట్లో మాదిరే," అంది పెద్దమ్మ, నా వైపు చూసి. నా వరకు అదే శరీర నిర్మాణశాస్త్రంలో మొదటి పాఠం.

అచ్చయి వచ్చాక బయటపడింది తప్పు. కొట్టాయన చార్టు చుట్టను చంకలో పెట్టుకుని మా ఇంటికే వచ్చేశాడు. వాకిట్లో విప్పి, ముక్కు మీద వేలు పెట్టి, "ఇదేంది? ఈడ ఇదేంది? దీనికి నంబరు ఏదయ్యా?" అన్నాడు. పెదనాన్న వంగి చూశాడు. తలను కంటి కింది నుంచి నడిమికి కోసి ఈ పక్క సగం తీసేస్తే మిగిలేది కుడి సగం, అదీ లోపలి వైపు నుంచి. అక్కడ పుడక రాయి కనిపించదు. మర కనిపిస్తుంది. జలుబు చేసినప్పుడల్లా నూనె రాసి తిప్పిన ఆ మరను ఆయన చెయ్యి ఆయన్ని అడక్కుండానే దాని చోటులో పెట్టేసింది. "పొరపాటే," అన్నాడు పెదనాన్న, చెవుల దాకా ఎర్రబడి. "మనిషి లోపల మర ఉండాదని పిల్లోళ్ళు రాస్తే ఎవరు మార్కులేస్తారు?" అని కొట్టాయన గొంతు చించుకుంటుంటే, పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. చూసి నవ్వడం మొదలుపెట్టింది. "ఊళ్ళో బళ్ళన్నిట్లో నా ముక్కు మర యాలాడదీస్తావా ఏందయ్యా?" అని నవ్వి నవ్వి, ఆయాసం వచ్చి గోడ పట్టుకుని, కూత వేస్తూ కూడా నవ్వింది. ఆమెను అట్లా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు. అచ్చయిన చార్టులు పారెయ్యలేక కొట్టాయన వాటిని అట్లాగే అమ్మేశాడు. వెనక్కి తెచ్చి అడిగినవాళ్ళు ఎవరూ లేరట. ఒకటి మా ఇంటికి కూడా ఇచ్చాడు.

మరుసటి ఏడాది వానల్లో పెద్దమ్మ పోయింది. పొద్దున ఆసుపత్రికి తీసుకుపోతే మధ్యాహ్నానికి తీసుకొచ్చేశారు. ఆమెకు నలభై ఏళ్ళు. పడుకోబెట్టాక ఎవరో పెద్దావిడ ముక్కుపుడక తీయాలంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ప్రయత్నించారు, మర కదల్లేదు. పెదనాన్నను పిలిచారు. ఆయన వచ్చి, ఎప్పటిలాగే ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆమె మొహాన్ని వెలుతురు వైపుకు కొంచెం తిప్పి, వ్యతిరేకం వైపుకు తిప్పి తీశాడు. పదకొండేళ్ళదాన్ని, అప్పటిదాకా ఏడవనిదాన్ని, ఆ మర ఊడి ఆయన అరచేతిలో పడ్డప్పుడు ఏడ్చాను. ఎక్కడ మూసుకుపోతుందో రంగులతో సహా తెలిసిన మనిషికి ఎట్లా తెరవాలో తెలియకపోవడమనేది ఆయన్ని బతికినన్నాళ్ళూ తినేసింది. తర్వాత కూడా చాలా చార్టులు గీశాడు: పువ్వు భాగాలు, కప్ప జీవితచక్రం, నీటి చక్రం. మనిషి మొహం ఉన్నది మాత్రం ఒక్కటీ ఒప్పుకోలేదు.

మా ఇంటి చార్టు పైకప్పు కారి, గోడకే అతుక్కుని, పీకితే పీలికలుగా వచ్చింది. అప్పటికి కొట్టులో కొత్త అచ్చు వచ్చింది. ఎవరి చేతనో చుక్క చెరిపించి, కన్ను కూడా ఇంకెవరిదో గీయించారు. నేను పెరిగి బడిలో జీవశాస్త్రం చెప్పే పంతులమ్మనయ్యాను. మా తరగతి గదిలో వేలాడింది ఆ చెరిపిన అచ్చే. ముక్కు అదే, గడ్డం అదే, అయినా మర లేకపోతే ఆమె ఎవరో మనిషి. ఊపిరి ఎట్లా పోతుందో పిల్లలకు బెత్తంతో చూపిస్తూ, ఆ ఖాళీ చోటు దగ్గరికొచ్చేసరికి బెత్తం ఒక్క క్షణం ఆగేది. ఏ ఊరు వెళ్ళినా, ఏ బడిలో అడుగుపెట్టినా ముందు గోడలు చూసేదాన్ని. పెదనాన్న పోయాడు, కొట్టు పోయింది, బళ్ళలో చార్టులే పోయాయి. ఆమె మొహం నా తలలో కూడా పలచబడటం మొదలైంది. కొప్పు గుర్తుంది, కూత గుర్తుంది, కళ్ళు గుర్తు రావు. వెతకడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

ఈ కథంతా డాక్టరుకు చెప్పాను. నలభై ఏళ్ళుంటాయి, ఇక్కడి తెలుగువాళ్ళబ్బాయే, మాట మధ్యలో తమిళంలోకి జారిపోతుంటాడు. విని, కుర్చీ వెనక్కి జరిపి, లేచి వెళ్ళి చార్టుకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. "మా నాయన బతికినంత కాలం ఇదేందో కనుక్కోవాలని చూసినాడమ్మా," అన్నాడు. "అనాటమీ పుస్తకాలన్నీ తిరగేసినాడు. నేను మెడికల్ కాలేజీలో చేరితే ముందు అడిగింది ఇదే, ఆ చుక్క ఏందో మీ ప్రొఫెసర్ని అడగరా అని. అడిగితే క్లాసంతా నవ్వినారు. సరి, ఏదైతే ఏంది, చూపు నిలపడానికి బాగుండాదని పేషెంట్లకు చూపించేవాడు. ఇప్పుడు నేనూ అదే." చార్టు నాకిస్తారా అని అడిగేశాను. అడిగేటప్పుడు నా గొంతు పదేళ్ళ పిల్ల గొంతులా ఉంది, సిగ్గేసింది. అతను వెంటనే సరేననలేదు. అది వాళ్ళ నాయన తన చేత్తో మేకు కొట్టి తగిలించింది. వారం టైమివ్వమన్నాడు. అతని మొహం చూస్తే ఇవ్వడనే అనుకున్నాను. అడగడానికి నాకేం హక్కు? అతనికి అది తండ్రి.

ఆ వారమంతా దగ్గు కూడా మరిచిపోయాను. శనివారం, ఒకవేళ ఇస్తే చుట్టుకోవడానికి పాత దుప్పటి ఒకటి సంచిలో పెట్టుకుని క్లినిక్కుకు వెళ్ళి, దుప్పటి తెచ్చినట్టు తెలియకుండా కూర్చున్నాను. డాక్టరు నన్ను చూడగానే కుర్చీ ఎక్కి మేకు నుంచి చార్టు దించాడు. చుట్టి, నా రెండు చేతుల్లో పెట్టాడు. "మా నాయనకు జవాబు దొరికింది గదమ్మా, చాలు. తీసుకుపొండి," అన్నాడు. నేను సంచిలోంచి దుప్పటి తీశాను. నర్సు మాత్రం ఊరుకోలేదు. "అది సరే డాక్టర్, రేపట్నుంచి మన పేషెంట్లు యాడ చూడాలి?" నిజమే. గోడ మీద చార్టు ఉన్నంత మేర తెల్లటి నలుచదరం మిగిలింది. నేను పర్సులోంచి స్టిక్కరు బొట్ల అట్ట తీశాను. మెరూన్ రంగుది ఒకటి ఒలిచి, ఆ నలుచదరం మధ్యలో, చుక్క ఉండిన ఎత్తులోనే అంటించాను. డాక్టరు వెళ్ళి పేషెంట్ల కుర్చీలో కూర్చుని, నా బొట్టు వైపు గురిగా చూస్తూ, నిండా పీల్చి ఊదాడు. "పరవాలే, సరిపోతాది," అన్నాడు. నర్సు నవ్వింది, నేనూ నవ్వాను, తర్వాత దుప్పట్లో మొహం పెట్టుకోవలసి వచ్చింది.

చార్టు ఇప్పుడు నా గదిలో ఉంది. కోడలు మొదటి రోజు, "ఎవరైనా వస్తే ఏమనుకుంటారు అత్తా, పడగ్గదిలో కోసిన తల," అంది. ఇప్పుడు తనే దుమ్ము దులుపుతోంది. కన్ను కూడా ఉంది అందులో. నేను మరిచిపోయిన కన్ను, కిటికీ వైపు చూస్తూ, కదలద్దంటే విసుక్కుంటున్నది. డాక్టరు చెప్పిన ప్రకారం పొద్దున్నే దాని ఎదురుగా కూర్చుని, పెదవులు సన్నగా ముడిచి, నెమ్మదిగా, ఆసాంతం వదిలేదాకా ఊదుతాను. ఆమెకు నలభై దాటలేదు, నాకు అరవై దాటాయి, అయినా ఆ మర వైపు చూస్తున్నంతసేపూ నా చెయ్యి ఎవరి వీపో నిమరాలని వెతుక్కుంటుంది. పెద్దమ్మ కావాలి నాకు, ఇప్పటికీ. కాలం కూడా ఆమె ఊపిరిలాంటిదేనేమో. లోపలికి ఎప్పుడో పోయింది, బయటికి రావడానికే ఇన్నేళ్ళు పట్టింది.